పుర్రచేతివాళ్ళ ఆదివారం

అశ్విని ఉప్పాడలో పుట్టింది. వాళ్ళ నాన్న భీమరాజు సముద్రం మీదికి వేటకు వెళ్తే, నాయనమ్మ సుబ్బాయమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట చేపలు అమ్మేది. బడి లేని రోజుల్లో అశ్విని కూడా ఆ తట్ట వెనకాల నడిచేది. ఒక పొద్దున బోణీ బేరానికి వచ్చిన ఆవిడకి ఈ పిల్ల మంచి చందువా చేపని ఏరి, ఎంతో మర్యాదగా ఎడమచేత్తో అందించింది. ఆవిడ ముట్టుకోకుండానే వెనక్కి తగ్గి, పొద్దున్నే పుర్రచేత్తో ఇస్తారా అని సణుక్కుంటూ వెళ్ళిపోయింది. సుబ్బాయమ్మ మనవరాలిని పల్లెత్తు మాట అనలేదు. చందువాకి రెండు పక్కలా ఒకటే రుచి, ఆవిడకి తెలీదు పాపం, అని తట్ట ఎత్తుకుంది. అయితే ఆ రోజునుంచీ బేరాల దగ్గర పిల్ల చేతికి చేప మాత్రం ఇవ్వలేదు. గొడుగు ఇచ్చింది.

ఆ పిల్ల పెద్దదై ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. రాజమండ్రిలో మోటార్ల రిపేరు షాపు నడిపే రాజేంద్రని పెళ్ళి చేసుకుని, దానవాయిపేటలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో చేరింది. సూది గుచ్చినట్టే తెలియదని ఆమెకు పేరు వచ్చింది గానీ, ఆ పేరు రావడానికి ముందు ప్రతివాళ్ళూ ఒక భయం దాటాలి. చెయ్యి చాపి కూర్చున్న మనిషి, సిరంజి ఆమె ఎడమచేతిలో ఉండడం చూసి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. కొందరు కుడిచేతికి దెబ్బ తగిలిందా అమ్మా అని జాలిపడేవారు. ఒక పెద్దమనిషి అయితే చాలా వినయంగా, డ్యూటీలో కుడిచేతివాళ్ళు ఎవరైనా ఉన్నారాండి అని అడిగాడు.

ఆ సాయంత్రమే అశ్విని ఫేస్‌బుక్‌లో ఒక గ్రూప్ తెరిచి దానికి 'పుర్రచేతివాళ్ళం' అని పేరు పెట్టింది. తనలాంటివాళ్ళు ఓ పదిమంది దొరికితే చాలనుకుంది. ఏడాది తిరిగేసరికి రెండు రాష్ట్రాలనుంచీ వేలమంది చేరారు. కత్తెర్ల బాధలు, కుర్చీకి కుడివైపే పలక ఉండే కాలేజీ బాధలు, పెళ్ళి పందిట్లో తాంబూలం అందుకునేటప్పటి బాధలు అన్నీ అక్కడ వెళ్ళబోసుకునేవారు. వాళ్ళందరిలోకీ నవ్వించేవాడు భీమవరంలో స్కూలు బస్సు నడిపే ఐజాక్. మన దేశంలో గేరు రాడ్డు డ్రైవరుకి ఎడమవైపే ఉంటుంది కాబట్టి బళ్ళు చేసినవాళ్ళు మన పక్షమేనండి అని అతను రాసిన ముక్కని జనం ఇప్పటికీ పంచుకుంటూనే ఉంటారు.

ఒక ఆగస్టులో హైదరాబాదు సభ్యులు ఒక పబ్‌లో కలుసుకుని ఫోటోలు పెట్టారు. నీలం లైట్లు, నురగ గ్లాసులు, గ్లాసులన్నీ ఎడమచేతుల్లో. గోదావరి జిల్లాల సభ్యులకి అది చూసి కడుపు మండింది. మనకేం తక్కువండి, మనమూ పబ్‌లోనే కలుద్దామండి, అని ఐజాక్ రాశాడు. దానికింద చూస్తుండగానే ఎడమచేతి బొమ్మలు వరసగా పడిపోయాయి. గ్రూప్ తెరిచింది అశ్విని కాబట్టి ఏర్పాట్లు అశ్వినే చూడాలని కూడా వాళ్ళే తేల్చేశారు.

అశ్వినికి తెలిసినంతలో రాజమండ్రిలో పబ్ లేదు. బార్ అండ్ రెస్టారెంట్లు ఉన్నాయి. వాటి ముందునుంచి ఆమె ఎన్నోసార్లు వెళ్ళింది గానీ, లోపల అడుగు పెట్టలేదు. రాజేంద్రని తోడు తీసుకుని ఒక మధ్యాహ్నం బయల్దేరింది. అతను స్కూటర్‌కి స్టాండు వేసేలోపే, చంకలో హ్యాండ్‌బ్యాగుతో మొదటి బార్లోకి నడిచి, వచ్చే ఆదివారం మేము ఓ పాతికమందిమి ఇక్కడికి వస్తాం అని చెప్పింది. కౌంటర్ దగ్గర ఉన్నాయన మొహం పాలిపోయింది. పక్కన ఉన్నవాడికి సైగ చేస్తే వాడు వెళ్ళి షట్టరు సగానికి దించాడు.

"మేడమ్, మాకు లైసెన్స్ ఉందండి. గుడి, బడి కూడా ఈ చుట్టుపక్కల లేవండి. కావాలంటే కొలుచుకోండి," అన్నాడాయన.

మద్యం వద్దని ధర్నా చెయ్యడానికి వచ్చిన మహిళా సంఘం అనుకున్నాడని ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మేము తాగడానికే వస్తామండి అని ఆమె సర్దిచెప్పబోయింది. అది విని ఆయన ఇంకా భయపడ్డాడు. షట్టరు కిందనుంచి వంగి రాజేంద్ర లోపలికి వచ్చి ఆమెను బయటికి తీసుకొచ్చాడు.

రెండోది స్టేషను దగ్గర 'శ్రీ వెన్నెల బార్ అండ్ రెస్టారెంట్'. దాని మేనేజరు సుకుమార్ నిదానస్తుడు. ఆమె చెప్పినదంతా విని, పైన ఫ్యామిలీ సెక్షన్ ఉందండి, కాకపోతే ఫ్యామిలీలు ఎవరూ రావట్లేదని అందులో ఖాళీ సీసాల కేసులు పెట్టామండి, మీరు వస్తానంటే తీయించేస్తాను అన్నాడు. ఆ తరవాత కాసేపు ఆలోచించి, మొహమాటపడుతూ ఇంకో మాట అడిగాడు.

"గ్లాసులకి కుడీ ఎడమా ఏమీ ఉండదు కదండీ?"

ఉండదని అశ్విని చెప్పాక అతనికి ప్రాణం కుదుటపడింది.

చోటు దొరికిందన్న మాట గ్రూప్‌లో పెట్టినప్పటినుంచీ ఫోన్లు మొదలయ్యాయి. పబ్ అని ఎగిరిన జనానికి బార్ అనేసరికి అడుగు తడబడింది. అంబాజీపేటలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన భాస్కరం గారు ఫోన్ చేసి, బయట బోర్డు మీద బార్ అన్న అక్షరాలు ఎంత పెద్దవమ్మా అని అడిగారు. తాను గ్లాసు ముట్టననీ, కానీ తప్పకుండా వస్తాననీ, ఇంట్లో మాత్రం సాహిత్య సభ అని చెప్పి వస్తున్నాననీ అన్నారు. రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్ళో గుడి అర్చకత్వం చేసే మణిశంకర్ అనే కుర్రాయన, వెనకవైపు మెట్లు ఉన్నాయా అండి అని అడిగాడు. తణుకులో టీచరు ఉద్యోగం చేసే ఉమాశ్రీ ఒక్కతే ఏ ప్రశ్నా వెయ్యలేదు. ఏ బస్సుకి రావాలో కనుక్కుని పెట్టేసింది.

ఆ ఆదివారం పొద్దుటినుంచీ ముసురు. గోదావరి ఎర్రగా, గట్టుకి దగ్గరగా పారుతోంది. సుకుమార్ మాట నిలబెట్టుకున్నాడు. కేసులు తీయించి, గది కడిగించి, బల్లలన్నీ కలిపి ఒకటే పొడుగు బల్ల చేయించి, మీద తెల్లగుడ్డ పరిపించాడు. కౌంటర్ మీద వినాయకుడి పటానికి కొత్త దండ కూడా వేయించాడు. మణిశంకర్ వెనక మెట్లమీదనుంచి హెల్మెట్ తియ్యకుండా పైకి వచ్చాడు. వచ్చేముందు కింద వెనక తలుపులోంచి ఆ పటం కనిపించేసరికి అలవాటుకొద్దీ చెప్పులు విప్పేశాడు. బార్లో ఉత్తికాళ్ళతో, హెల్మెట్‌తో నిలబడ్డ మనిషిని చూసి ముందు అశ్విని, తరవాత ఆయన కూడా నవ్వేశారు.

భాస్కరం గారు గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. రెండో చేతిలో స్టీలు క్యారియర్ ఉంది. సాహిత్య సభలో అందరికీ పెట్టమని భార్య కనకవల్లి గారు తెల్లవారుజామునే లేచి పులిహోర చేసి ఇచ్చారట. బయటి తిండి లోపలికి రానివ్వకూడదని సుకుమార్ చెప్పబోయాడు గానీ, మూత తియ్యగానే ఇంగువ వాసన వచ్చి ఆ మాట సగంలోనే ఆగిపోయింది. అతనికి కూడా ఒక ముద్ద పెట్టారు.

అందరూ చేరేసరికి ఇరవైమంది పైచిలుకు అయ్యారు. ఫోటోల్లో, అక్షరాల్లో తప్ప ఎప్పుడూ చూసుకోనివాళ్ళు. మొదట్లో అందరూ పెళ్ళిచూపులకు వచ్చినట్టే కూర్చున్నారు. అప్పుడు వచ్చాడు ఐజాక్. చొక్కా తడిసిపోయి, చేతిలో రొయ్యల పచ్చడి సీసాతో, ఆలస్యమైందండి, క్షమించాలండి, గేరు రాడ్డు ఎడమవైపే ఉంది గానీ ట్రాఫిక్ నాలుగువైపులా ఉందండి అనేసరికి గదంతా ఒక్కసారి సడలింది. బీర్లు తాగేవాళ్ళు బీర్లు చెప్పారు, సోడాలు తాగేవాళ్ళు నిమ్మకాయ సోడాలు చెప్పారు. ఎవరి గ్లాసు వాళ్ళు ఎడమచేత్తో ఎత్తి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, చిన్నపిల్లల్లా సిగ్గుపడ్డారు.

ఉమాశ్రీ వెళ్ళి ఐజాక్ ఎదురుగానే కూర్చుంది. తనకి ఎడమచేత్తో రాసినందుకు స్కేలు అంచుతో వేళ్ళమీద కొట్టిన టీచరు గురించి ఆమె గ్రూప్‌లో ఒకసారి రాసింది. దానికింద వచ్చిన మాటలన్నిటిలోకీ ఐజాక్ రాసిన రెండు వాక్యాలే ఆమెకు నచ్చాయి. ఆ సంగతి చెప్పి అతనికి థాంక్స్ చెప్పాలని తణుకునుంచీ అనుకుంటూ వచ్చింది.

చెప్పేలోపే వెయిటరు కాలు తెల్లగుడ్డ అంచు మీద పడింది. ట్రే వంగింది. దానిమీది సీసా ఒకటి జారి, బల్ల అంచుకి తగిలి గాల్లోకి లేచింది. ఐజాక్ కుర్చీలోంచి సగం లేచి, దాన్ని నేలకి జానెడు ఎత్తులో ఒంటిచేత్తో పట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మణిశంకర్ మాత్రం కొట్టలేదు. అతను ఊరి క్రికెట్ టీములో ఎడమచేతి బౌలరు. క్యాచ్ పట్టినవాడి చెయ్యే చూస్తాడు.

"అది కుడిచెయ్యి కదండీ," అన్నాడు.

ఐజాక్ సీసాని మెల్లగా ఎడమచేతిలోకి మార్చుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. రెండు చేతులూ వాడేవాళ్ళు కూడా ఉంటారు కదా అని అశ్విని అతన్ని ఆదుకోవాలని చూసింది. ఐజాక్ తల అడ్డంగా ఊపాడు. మొహంలో వచ్చినప్పటినుంచీ ఉన్న నవ్వు లేదు.

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ కిందట బైకు మీదనుంచి పడి అతని కుడిచెయ్యి విరిగింది. కట్టు వేశాక చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా రాలేదు. బండి తోలే పని ఆగి, రోజంతా ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎడమచేత్తో పనులు ఎలా చేసుకోవాలో ఫోన్‌లో వెతుకుతుంటే ఈ గ్రూప్ దొరికింది. గుండీల సంగతి అడిగితే ముక్కూమొహం తెలియని మనుషులు పదిమంది జవాబులు రాశారు. అశ్విని అయితే కింది గుండీనుంచి మొదలుపెట్టండి అని వాయిస్ మెసేజ్ పెట్టింది. అది అతనికి గుర్తుంది, ఆమెకు లేదు.

"కట్టు విప్పేశారండి. అప్పుడే గ్రూప్‌లోంచి వెళ్ళిపోవాలండి. రోజూ రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకునేవాణ్ణి. ఈలోగా మీరు నా మాటలకి నవ్వడం మొదలుపెట్టారండి," అన్నాడు ఐజాక్.

కొందరికి అప్పుడే కోపం పోయింది. ఉమాశ్రీకి పోలేదు. గ్లాసు పక్కకి జరిపి, అతని కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది.

"స్కేలు దెబ్బలు తిన్న చెయ్యి ఇదండి. నేనది రాసిన రోజు, నేనూ తిన్నాను మేడమ్, ఆ నొప్పి నాకు తెలుసు అని రాశారు మీరు. అది చదివి నేను ఏడ్చాను. ఆ మాట కూడా వేషమేనా?"

"కాదండి. దెబ్బలు నిజంగానే తిన్నానండి," అన్నాడు ఐజాక్ తల వంచుకుని. "ఎక్కాలు రాక తిన్నాను."

ఎవరో ఆపుకోలేక ముక్కుతో నవ్వారు. ఉమాశ్రీ నవ్వలేదు గానీ, ఎంతైనా టీచరు, ఏ ఎక్కం అని అడిగింది. పదమూడో ఎక్కం అండి అన్నాడు. పదమూడు ఎవరికైనా కష్టమేలే అని భాస్కరం గారు గొణిగారు.

ఇప్పుడేం చేద్దామన్నట్టు అందరూ అశ్విని వైపు చూశారు. ఆమె భాస్కరం గారి వైపు చూసింది. వయసులో పెద్ద, పైగా సోడా తప్ప ఏమీ తాగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తన చిన్నప్పటి సంగతి చెప్పారు. ఎడమచెయ్యి ముందుకు వస్తోందని వాళ్ళ మామ్మ ఆ చేతికి తువ్వాలు చుట్టి నడుముకి కట్టేసేదట. అన్నం తినేదాకా విప్పేది కాదట. అలా తినడం, రాయడం, దణ్ణం పెట్టడం, సుద్దముక్క పట్టడం అన్నీ కుడిచేతికి వచ్చేశాయి. ఎడమచెయ్యి మాత్రం నిద్రలో దోమని కొట్టడానికి ముందు లేస్తుంది.

"అరవై ఏళ్ళుగా నేను కుడిచేతివాడి వేషం వేస్తున్నాను. ఇతను వేసింది రెండేళ్ళ వేషం. శిక్ష అంటూ వేస్తే ముందు నాకు వెయ్యాలి," అన్నారు భాస్కరం గారు.

ఆ మాటకి ఉమాశ్రీ కూడా తల దించుకుంది. కాసేపటికి, శిక్ష లేకుండా ఎలాగండి, ఇవాళ ఈయన భోజనమంతా ఎడమచేత్తోనే తినాలి, స్పూను ఇవ్వకూడదు, అంది. అయితే నాకూ అదే శిక్ష అన్నారు మాస్టారు.

బిర్యానీ వచ్చింది. అక్కడే అందరికీ చిక్కు వచ్చి పడింది. ఇంట్లో తలుపు వేసుకుని ఎలా తిన్నా, నలుగురిలో ఎడమచేత్తో స్పూను పట్టడమే గానీ, అన్నం కలిపి తిన్నవాళ్ళు ఆ బల్ల దగ్గర ఒక్కరూ లేరు. సీసాలు ఎత్తడం వేరు, అన్నం కలపడం వేరు. కంచాల్లోంచి ఆవిరి లేస్తోంది, చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. వెయిటర్లు గోడవారగా నిలబడి చూస్తున్నారు. గ్రూప్ తెరిచినప్పుడు కూడా అశ్వినికి ఇంత భయం వెయ్యలేదు. చివరికి ఆమే ఎడమచేత్తో మాంసం ముక్క విరిచి, అన్నంలో కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది. ఏమీ జరగలేదు. వెయిటరు, ఇంకొంచెం రైతా వెయ్యమంటారా అండి, అని మాత్రం అడిగాడు.

ఆ తరవాత బల్లంతా కదిలింది. ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా అంతమంది వరసగా కూర్చుని తినడం వాళ్ళ జీవితాల్లో అదే మొదటిసారి. తగిలింది ఒక్క రాజేంద్రకే. ఆ వరసలో నిజాయితీ గల కుడిచేతివాడు అతనొక్కడే. ముద్ద ఎత్తినప్పుడల్లా పక్కాయన మోచేతికి కొట్టుకుని, క్షమించండి, క్షమించండి అంటూ, చివరికి కంచం పట్టుకుని బల్ల చివర మూలకి వెళ్ళిపోయాడు. పెళ్ళి భోజనాల్లో నువ్వు స్పూను పట్టుకుని ఎప్పుడూ మూల కుర్చీ ఎందుకు వెతుక్కుంటావో ఇవాళ తెలిసింది అని పెళ్ళాంతో అన్నాడు.

భాస్కరం గారు పులిహోర ముందు పెట్టుకుని, ఎడమచేత్తో ముద్ద చెయ్యబోయారు. మెతుకులు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. మళ్ళీ చేస్తే ముద్ద గడ్డానికి తగిలింది. పుట్టుకతో వచ్చిన చెయ్యే, దానికి దారి తెలియట్లేదు. ఎదురుగా ఐజాక్‌ది కూడా అదే అవస్థ. బిర్యానీ మెతుకులు చొక్కా నిండా పడ్డాయి. కట్టు ఉన్నప్పుడు నేర్చుకున్నది రెండేళ్ళలో మర్చిపోయాడు. నిజమైన ఎడమచేతి మనిషీ, దొంగ ఎడమచేతి మనిషీ ఇద్దరూ ఒకేలా ఒలకబోసుకుంటుంటే, బల్ల మీద జనం తినడం మానేసి నవ్వడం మొదలుపెట్టారు. ఉమాశ్రీ లేచి వెళ్ళి ఇద్దరికీ, వేళ్ళు ఇలా దగ్గరగా పెట్టండి, బొటనవేలితో తొయ్యండి, అని ఒకటో తరగతి పిల్లలకి చూపించినట్టు చూపించింది. మాస్టారు ఒక్క ముద్ద మెతుకు పడకుండా తినగలిగినప్పుడు నవ్వు ఆగిపోయింది. ఆయన నములుతూ కిటికీ వైపు తిరిగారు.

మణిశంకర్ మాత్రం బల్ల అవతలి కొసని కూర్చుని, పులిహోర కుడిచేత్తోనే తిన్నాడు. సాయంత్రం గుడి తలుపులు తియ్యాలండి, మనసు ఒప్పుకోవట్లేదు, అన్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. సోడాలు మాత్రం అతనే అందరికీ ఎడమచేత్తో పోశాడు.

ఫోటో సుకుమార్ తీశాడు. అది గ్రూప్‌లో పెట్టగానే హైదరాబాదువాళ్ళు నీలం లైట్లేవి అని ఎకసెక్కం చేశారు. తెల్లగుడ్డ మీద సీసాల మధ్య కూర్చున్న స్టీలు క్యారియర్ ఏంటని అడిగారు. ఆ క్యారియర్ ఎవరిదో గుర్తుపట్టిన మనిషి ఒకరున్నారు. వారం రోజుల తరవాత కనకవల్లి గారు అశ్వినికి ఫోన్ చేశారు. మేనకోడలు ఫోటో చూపించిందట. ఆవిడ నెమ్మదిగా, సాహిత్య సభ బాగా జరిగిందా అమ్మా అని అడిగి, తను నవ్వడం మొదలుపెట్టాకే అశ్వినిని నవ్వనిచ్చారు. మాస్టారు ఇప్పుడు రోజూ పెరుగన్నం ఎడమచేత్తో తింటున్నారట. మొదటి రోజు చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాననీ, ఇప్పుడు ఆ కిందపడే మెతుకులు ఏరలేక పాత చీర పరిచి కూర్చోబెడుతున్నాననీ చెప్పారు.

ఐజాక్ మాత్రం ఆ ఆదివారం రాత్రే గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు. అందరికీ నమస్కారమండి అని ఒక్క ముక్క రాశాడు. మర్నాడు పొద్దున్న అశ్విని చూసేసరికి అతని పేరు మళ్ళీ సభ్యుల్లో ఉంది. తిరిగి చేర్చింది ఉమాశ్రీ. పైగా, వచ్చే మీటింగ్ భీమవరంలో, దాని ఏర్పాట్లన్నీ ఐజాక్ గారే చూడాలి, తప్పించుకోవడానికి వీల్లేదు అని అందరికీ కనిపించేలా రాసింది. అతను చాలాసేపటికి, ఆయ్, అలాగేనండి మేడమ్ అని జవాబిచ్చాడు.

చలికాలంలో ఒక ఆదివారం అశ్విని, రాజేంద్ర భీమవరంలో రైలు దిగారు. మిగతావాళ్ళు కూడా అదే రైల్లో వేరే పెట్టెల్లోంచి దిగారు. బార్ ఊరికి అవతలి చివర ఉందనీ, ఆటోలు అక్కర్లేదనీ ఐజాక్ ముందే చెప్పాడు. స్టేషను బయట పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి ఉంది. యజమానిని బతిమాలి తెచ్చాడట. సీట్లన్నీ చిన్నపిల్లలవి. ఎక్కిన పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. భాస్కరం గారి పక్కన ఈసారి కనకవల్లి గారు కూడా ఉన్నారు. మేమిద్దరం ఒక సీట్లో పట్టము, ఒకరం నిలబడతాం అని ఆవిడ అంటే, బస్సులో నిలబడకూడదండి, రూలు, అన్నాడు ఐజాక్ అద్దంలోంచి చూస్తూ.

తరవాత ఎడమచేత్తో గేరు వేశాడు. ఉమాశ్రీ అతని వెనక సీట్లోంచి, కుడిచెయ్యి స్టీరింగ్ మీదే ఉంచండి, అక్కడ మాకేమీ అభ్యంతరం లేదు, అంది. బస్సు ఊళ్ళోకి మలుపు తిరిగింది.